టూ ఫిఫ్టీ అనుకుంటాం... మన డ్రైవ్ నిజంగా ఎంత దూరం పోతోంది?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే గోల్ఫ్‌కి వచ్చే మగవాళ్లలో ఎవరినైనా డ్రైవర్‌తో (బంతిని అన్నిటికంటే దూరం పంపే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) ఎంత దూరం కొడతారని అడగండి. "టూ ఫిఫ్టీ" అంటారు. కాస్త మొహమాటం ఉన్నవాళ్లయితే "టూ థర్టీ, టూ ఫార్టీ ఉంటుందేమో" అంటారు. "రెండొందల గజాలు" అని చెప్పేవాళ్లు అరుదు. కానీ పెద్ద ఎత్తున కొలిచిన లెక్కలు చూస్తే, మామూలు క్లబ్ ఆటగాడి సగటు డ్రైవ్, అంటే డ్రైవర్‌తో కొట్టిన మొదటి దెబ్బ, 200కీ 225కీ మధ్యే తేలుతోంది. అంటే మనం అనుకునే దూరానికీ, బంతి ఆగిన చోటుకీ మధ్య 25 నుంచి 50 గజాల తేడా.

దీన్ని గొప్పలు చెప్పుకోవడం కింద కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నాకది సరైన మాట అనిపించదు. టూ ఫిఫ్టీ అనేవాళ్లలో చాలామంది నిజమే చెబుతున్నామని నమ్ముతారు. ఆ అంకె వాళ్లకు ఊరికే రాలేదు, కోర్సు మీద నిలబడి వాళ్లే లెక్కేసుకుంటే వచ్చింది. ఆ లెక్క వేసే పద్ధతిలోనే తప్పు దూరుతోంది. అది ఎక్కడ దూరుతోందో తెలిస్తే ఏ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడాలి, గ్రీన్ (గుంట, జెండా ఉండే పొట్టి గడ్డి) మీదికి ఏ క్లబ్ తీయాలి అన్న రెండు పెద్ద నిర్ణయాలూ మారిపోతాయి. అందుకే దీన్ని నిదానంగా విప్పి చూడాలి.

కొలిచి చూసినప్పుడు

గోల్ఫ్ నియమాలు రూపొందించే సంస్థల్లో ఒకటైన ఆర్ అండ్ ఏ, బ్రిటన్‌లో మామూలు క్లబ్ ఆటగాళ్ల డ్రైవ్‌లను ఏళ్ల తరబడి కొలిచింది. 1996లో మగవాళ్ల సగటు దాదాపు 200 గజాలు. 2019కి అది సుమారు 216కి చేరింది. ఈ మధ్యకాలంలో డ్రైవర్ తల టైటానియంతో 460 సీసీ దాకా పెరిగింది, బంతి లోపలి నిర్మాణం పూర్తిగా మారింది, షాఫ్టులు తేలికయ్యాయి. ఇన్ని మారినా 23 ఏళ్లలో కలిసొచ్చింది 16 గజాలే.

ఆ లెక్కల్ని హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) వారీగా విడదీస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 6 కంటే తక్కువ హ్యాండీక్యాప్ ఉన్నవాళ్లు, అంటే ఏ క్లబ్‌లోనైనా అందరూ ఆగి చూసే ఆటగాళ్లు, సగటున 240 గజాల దరిదాపుల్లో కొట్టారు. 6 నుంచి 12 మధ్య వాళ్లు సుమారు 220. 13 నుంచి 20 మధ్య వాళ్లు 200 దగ్గర. 21, ఆపైన ఉన్నవాళ్లు 180 లోపే. మహిళల సగటు 148 గజాలు. 18 హ్యాండీక్యాప్ ఉండి 250 కొడుతున్నాననే వ్యక్తి, తనకు తెలియకుండానే, క్లబ్ ఛాంపియన్ కంటే దూరం కొడుతున్నానని చెబుతున్నాడన్నమాట.

వేరే దారిలో వచ్చిన అంకెలూ ఇక్కడికే చేరాయి. క్లబ్ గ్రిప్పులో సెన్సర్ పెట్టి ప్రతి షాట్‌నూ నమోదు చేసే అర్కోస్ కంపెనీ లెక్కల్లో మగవాళ్ల సగటు 225 గజాల చుట్టూ ఉంటోంది. డబ్బు పెట్టి సెన్సర్లు కొనుక్కునేవాళ్లు ఆట మీద కాస్త ఎక్కువ శ్రద్ధ ఉన్నవాళ్లే అయి ఉంటారు కాబట్టి ఆ అంకె కొంచెం పైనుండటం సహజమే అనుకుంటాను. రాడార్‌తో బంతి వేగం కొలిచే ట్రాక్‌మ్యాన్ సంస్థ సగటు అమెచ్యూర్ మగ ఆటగాడికి ఇచ్చిన దూరం సుమారు 214.

వీటన్నిటికంటే నాకు బలమైన ఆధారంగా కనిపించేది మరొకటి ఉంది. అది మన స్కోర్‌కార్డ్ వెనకే ఉంటుంది, కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోర్సు ఎంత కష్టమో చెప్పే కోర్స్ రేటింగ్, స్లోప్ అనే అంకెలు ఇచ్చేటప్పుడు రెండు నమూనా ఆటగాళ్లను లెక్కలోకి తీసుకుంటారు. ఒకరు స్క్రాచ్ గోల్ఫర్, అంటే హ్యాండీక్యాప్ సున్నా. ఇంకొకరు బోగీ గోల్ఫర్, అంటే హ్యాండీక్యాప్ 20 చుట్టూ ఉన్నవాడు. స్క్రాచ్ మగ ఆటగాడి టీ షాట్ 250 గజాలుగా తీసుకుంటారు. బోగీ ఆటగాడిది 200. స్క్రాచ్ ఆటగాడు 470 గజాల హోల్‌లో (ఒక టీ నుంచి దాని గుంట దాకా ఆడే భాగం) రెండు షాట్లకు గ్రీన్ చేరగలడని, బోగీ ఆటగాడు 370 గజాల హోల్‌లో చేరగలడని లెక్క. మహిళల్లో స్క్రాచ్‌కు టీ షాట్ 210, బోగీకి 150. మన హ్యాండీక్యాప్ మొత్తం ఈ అంచనా మీదే నిలబడి ఉంది. 250 కొట్టేవాడంటే వ్యవస్థ దృష్టిలో స్క్రాచ్ ఆటగాడు. 200 కొట్టడం తక్కువతనం కాదు. అది బోగీ ఆటగాడు కొట్టాల్సిన దూరమే.

టీవీ ఇక్కడ మన కొలబద్దను బాగా చెడగొట్టింది. అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో 1980లో సగటు డ్రైవ్ సుమారు 257 గజాలు. అప్పట్లో కలప తలతో ఆడేవారు, నిజమే, కానీ వాళ్లు ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు. సీజన్ మొత్తం సగటు 300 దాటిన మొదటి ఆటగాడు జాన్ డేలీ, అదీ 1997లో. ఇప్పుడు టూర్ సగటే 300 దగ్గరుంది. శనివారం రాత్రి ఆ 300లు చూసి ఆదివారం పొద్దున టీ మీద నిలబడితే, 250 అనేది వినయంగా చెప్పిన అంకెలా అనిపిస్తుంది. నిజానికది 1980 నాటి ప్రొఫెషనల్ దూరం.

తీసివేతలో వచ్చే తప్పు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోర్సు మీద తమ డ్రైవ్‌ను నేరుగా కొలిచేవాళ్లు దాదాపు లేరు. అందరూ తీసివేత చేస్తారు. కార్డులో హోల్ దూరం చూస్తారు, బంతి దగ్గర మిగిలిన దూరం చూస్తారు, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తారు. పద్ధతి చూడటానికి బాగానే ఉంది. కానీ అందులో ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గజాలు దొంగతనంగా వచ్చి చేరతాయి, అవి దాదాపు ఎప్పుడూ మన పక్షానే చేరతాయి.

ఉదాహరణకు ఒక పార్ 4, అంటే మంచి ఆటగాడు నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, అనుకుందాం. కార్డులో 402 గజాలు. బంతి 150 మార్కర్ (గ్రీన్‌కు 150 గజాలు మిగిలిందని చూపే గుర్తు) పక్కన ఆగింది. 402లోంచి 150 పోతే 252. ఫోర్‌బాల్‌లో (కలిసి ఆడే నలుగురిలో) మిగతా ముగ్గురూ "క్యా షాట్ హై" అంటారు, ఆ అంకె మనసులో స్థిరపడిపోతుంది.

ఆ 402 ఎక్కడినుంచి ఎక్కడికి? టీ బాక్స్‌లో నేలలో పాతిన శాశ్వత మార్కర్ నుంచి, ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) మధ్యగా నడిచి, గ్రీన్ మధ్య వరకు. కానీ మనం ఆడేది ఆ శాశ్వత మార్కర్ నుంచి కాదు. గడ్డి అరిగిపోకుండా గ్రౌండ్ సిబ్బంది టీ మార్కర్లను రోజూ ముందుకీ వెనక్కీ జరుపుతుంటారు. వర్షాకాలంలో బాక్స్ వెనకభాగం చిత్తడిగా ఉంటే ముందుకే ఉంచుతారు. ఆ రోజు మార్కర్లు 14 గజాలు ముందుకున్నాయనుకోండి. 252 కాస్తా 238 అయింది.

తర్వాత, ఆ హోల్ కొంచెం కుడికి తిరిగే డాగ్‌లెగ్. కార్డు దూరాన్ని మలుపు దాకా నేరుగా, అక్కణ్నించి గ్రీన్ వైపు కొలుస్తారు. మన బంతి మూల మీదుగా అడ్డంగా వెళ్లింది. అందులో ఒక 10 గజాలు కలిసొచ్చాయి. అవి బంతి ప్రయాణించిన గజాలు కావు. 228.

ఇక ఆ 150 మార్కర్. బంతి దాని పక్కన ఉందన్నాం కానీ, దగ్గరికెళ్లి చూస్తే దానికంటే 8 గజాలు వెనక ఉంది. ఫెయిర్‌వే అవతలి అంచు నుంచి చూసినప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. 220.

టూ ఫిఫ్టీ టూ అనుకున్న డ్రైవ్ నిజానికి 220. ఈ లెక్కలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కార్డూ సరైనదే, మార్కరూ సరైనదే. రెండూ మన బంతిని కొలవడానికి పెట్టినవి కావు, అంతే.

జీపీఎస్ వాచీలు వచ్చాక ఇది తగ్గాలి. కొంత తగ్గింది కూడా. కానీ వాచీలో గ్రీన్ ముందు అంచుకు, మధ్యకు, వెనక అంచుకు మూడు దూరాలు చూపిస్తుంది. 30 గజాల లోతున్న గ్రీన్ అయితే ముందు అంచు అంకె తీసుకున్నవాడి డ్రైవ్ ఒక్కసారిగా 15 గజాలు పెరిగిపోతుంది. వాచీలో షాట్ దూరం కొలిచే సదుపాయం విడిగా ఉంటుంది, టీ దగ్గర ఒకసారి నొక్కి బంతి దగ్గర మళ్లీ నొక్కాలి. దాన్ని వాడేవాళ్లు తక్కువ, వాడినా బాగా తగిలిన రోజే వాడతారు.

గుర్తుండిపోయే డ్రైవ్, మర్చిపోయే డ్రైవ్

ఇక్కడ రెండో తప్పు మొదలవుతుంది. సగటు అడిగితే మనం గరిష్ఠం చెబుతాం. ఒక బ్యాటర్‌ని నీ యావరేజ్ ఎంత అని అడిగితే తన హైయెస్ట్ స్కోర్ చెప్పినట్టు.

ఒక మామూలు ఆటగాడు 10 డ్రైవ్‌లు కొట్టాడనుకుందాం. 248, 231, 226, 222, 218, 214, 209, 195, 170, 117. ఆఖరిది బంతి నెత్తిన తగిలి నేల మీద దొర్లిపోయింది, 170ది గాల్లో కుడికి తిరిగి చెట్లలో పడింది. వీటి సగటు 205. వరసలో మధ్యలో ఉండే దూరం 216. కానీ ఆ ఆటగాడిని అడిగితే 240, 250 మధ్య చెబుతాడు. ఎందుకంటే ఆ 117ని అతను డ్రైవ్‌గానే లెక్కపెట్టడు. "అది మిస్‌హిట్, వదిలేయండి" అంటాడు. 170ది బంతి వెతుక్కునే హడావుడిలో దూరమే చూసుకోడు. మిగిలినవాటిలో కూడా 248 మాత్రమే లంచ్ టేబుల్ దాకా వస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, డ్రైవ్‌ల దూరాలు ఒకవైపుకే వంగి ఉంటాయి. చాలా బాగా తగిలితే మామూలు కంటే 30 గజాలు ఎక్కువ పోతుంది, అంతకంటే పోదు. దానికి శరీర వేగం హద్దు పెడుతుంది. తప్పుగా తగిలితే మాత్రం 100 గజాలు కూడా పోగొట్టుకోవచ్చు, దానికి హద్దు లేదు. అందువల్ల ఎవరి సగటైనా వాళ్ల "మంచి డ్రైవ్" కంటే కింద ఉండి తీరుతుంది. స్కోర్ కార్డు మీద పడేది ఆ సగటే.

గోల్కొండ ఎండ, వైజాగ్ గాలి

మన ఊరి నేల, వాతావరణం కూడా ఈ భ్రమకు తోడవుతాయి. గోల్కొండ నయా ఖిలా పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సులో గానీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గానీ ఏప్రిల్‌లో ఆడినవాళ్లకు తెలుసు. గట్టిపడిన నేల మీద బంతి పడితే పరుగెత్తుతుంది. గాల్లో 185 గజాలు పోయిన బంతి దొర్లి 220 దగ్గర ఆగొచ్చు. దక్కన్ కొండరాయికి తగిలి ముందుకు ఎగిరిందంటే ఇంకా ఎక్కువ. అదే ఆటగాడు, అదే స్వింగ్, ఆగస్టులో రెండు రోజుల ముసురు తర్వాత ఆడితే అదే 185 గజాల క్యారీకి (గాల్లో పోయిన దూరానికి) దొర్లడం 5 గజాలు కూడా ఉండదు. వేసవిలో ఏర్పరచుకున్న అంకెను వర్షాకాలంలో కూడా మోసుకెళ్తాం, అక్కడ దెబ్బ తింటాం. ముఖ్యంగా ముందు నీళ్లో, లోతైన బంకరో (ఇసుక గుంట) ఉన్నప్పుడు. నీటిని దాటించేది క్యారీ ఒక్కటే. "నాది 220, నీళ్లు 200 దగ్గర అయిపోతాయి, దాటేస్తుంది" అనుకుని కొట్టిన బంతి 185 దగ్గర నీళ్లలో పడుతుంది. అందుకే ఒక్క అంకె చాలదు. క్యారీ ఎంత, మొత్తం ఎంత అన్న రెండూ తెలియాలి.

ఎత్తు సంగతి చాలామందికి తట్టదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. గాలి కొంచెం పల్చన కాబట్టి బంతిని ఆపే నిరోధం తక్కువ. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు దూరం ఒక శాతానికి కాస్త పైన పెరుగుతుందని లెక్క. అంటే ఇక్కడ సుమారు 2 శాతం, 215 గజాల డ్రైవ్‌లో 4 గజాలు మనకు ఉచితంగా వస్తున్నాయి. సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరులో ఇంకొంచెం ఎక్కువ. ఇక్కడి ఆటగాళ్లు వైజాగ్ ఈస్ట్ పాయింట్ కోర్సుకు వెళ్లినప్పుడు బంతి పోవడం లేదని, అక్కడి గాలిలో తేమ వల్ల బరువెక్కిందని అంటుంటారు. తేమ ఉన్న గాలి నిజానికి పొడిగాలి కంటే కాస్త తేలిక. తేడా వచ్చేది సముద్రమట్టం దగ్గరి చిక్కటి గాలి వల్ల, సముద్రం మీంచి ఎదురొచ్చే గాలి వల్ల.

డ్రైవింగ్ రేంజ్, సిమ్యులేటర్ గురించి రెండు మాటలు చాలు. రేంజ్ బంతులు గట్టిగా, అరిగిపోయి ఉంటాయి, అవి కోర్సులో వాడే బంతి ఎంత పోతుందో చెప్పవు. అక్కడి బోర్డుల దూరం ఏ గీత దగ్గర్నుంచి కొలిచారో మనకు తెలియదు. సిమ్యులేటర్‌లో బంతి వేగం కొలత బాగానే ఉంటుంది గానీ, స్క్రీన్ మీద కనిపించే దూరం దానికి ఇచ్చిన సెట్టింగుల్ని బట్టి మారుతుంది. ఫెయిర్‌వేను గట్టినేలగా పెట్టి, ఎత్తు పెంచి ఉంచితే 20 గజాలు ఇట్టే కలుస్తాయి. సిమ్యులేటర్‌కు వెళ్తే దూరం కంటే బంతి వేగం, క్యారీ ఈ రెండూ రాసుకోవడం మంచిది.

250కి ఎంత వేగం కావాలి

తన డ్రైవ్ 250 అని నమ్మేవాళ్లు ఒక్కసారి వేగం కొలిపించుకుంటే చాలా సందేహాలు తీరిపోతాయి. ట్రాక్‌మ్యాన్ లెక్కలో సగటు అమెచ్యూర్ మగ ఆటగాడి క్లబ్ తల వేగం గంటకు 93 మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. బంతికి వచ్చే వేగం దానికి 1.42 రెట్లు, సుమారు 132 మైళ్లు. టూర్ ఆటగాళ్ల క్లబ్ వేగం 113 మైళ్ల పైన. మామూలు ఆటగాడికి క్లబ్ వేగంలో ఒక్కో మైలుకు సుమారు రెండున్నర గజాలు వస్తాయనుకుంటే, సగటున 250 రావాలంటే 107 మైళ్లు దాటాలి. 93 నుంచి 107కి వెళ్లడం చిన్న విషయం కాదు. 45 ఏళ్లొచ్చి, వారమంతా హైటెక్ సిటీలో కుర్చీలో కూర్చుని, ఆదివారం ఒక్క రౌండ్ ఆడే శరీరానికి అది కొత్త డ్రైవర్ కొన్నంత మాత్రాన రాదు.

డ్రైవర్ ముఖానికి ఉండే స్ప్రింగ్ గుణానికి నియమాలు ఎప్పుడో హద్దు పెట్టేశాయి. తల సైజుకు 460 సీసీ హద్దు 2004 నుంచీ ఉంది. కాబట్టి "ఈ ఏడాది మోడల్ 20 గజాలు ఎక్కువ" అన్న ప్రకటన విని లక్ష రూపాయలకు దగ్గరగా పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధగానే ఉంటుంది. ఆ డబ్బులో కొంత కోచ్‌కి ఇచ్చినా, బంతి ముఖం మధ్యలో తగలడం నేర్చుకున్నా ఎక్కువ లాభం. 93 మైళ్ల వేగంతోనే, 1.42కి బదులు 1.48 రెట్లు వేగం బంతికి చేరిస్తే 10 గజాలు నిజంగా పెరుగుతాయి. ఒళ్లు వంచి గట్టిగా కొట్టక్కర్లేదు.

బంతి పోయే దూరాన్ని తగ్గిస్తున్నారన్న భయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 డిసెంబరులో ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంస్థ యూఎస్‌జీఏ కలిసి బంతి పరీక్ష నియమాన్ని కఠినం చేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, మామూలు ఆటగాళ్లకు తగ్గేది 5 గజాలు లేదా అంతకంటే తక్కువ అని చెప్పారు. మన అంచనాలో ఉన్న 35 గజాల తప్పు ముందు ఆ 5 గజాలు లెక్కలోకి రావు.

టీ ఎక్కడ, క్లబ్ ఏది

దూరం ముఖ్యం కాదు, నేరుగా కొడితే చాలు అని ఓదార్చే మాట ఒకటి ఉంది. దాంతో నేను ఏకీభవించను. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ షాట్ల లెక్కలు తీసి, దూరం స్కోరును నిజంగానే తగ్గిస్తుందని, ఎక్కువ స్కోరు చేసేవాళ్లకు దాని లాభం ఇంకా ఎక్కువని చూపించారు. దూరం కావాలని కోరుకోవడం తప్పు కాదు. లేని దూరాన్ని ఉందనుకుని ఆడటమే ఖరీదైన వ్యవహారం.

2011లో యూఎస్‌జీఏ, పీజీఏ ఆఫ్ అమెరికా కలిసి "టీ ఇట్ ఫార్వర్డ్" (ముందు టీల నుంచి ఆడండి) అనే ప్రచారం మొదలుపెట్టి ఒక పట్టిక ఇచ్చాయి. సగటు డ్రైవ్ 250 ఉంటే కోర్సు మొత్తం పొడవు 6,200 నుంచి 6,400 గజాలు ఉండాలి. 225 ఉంటే 5,800 నుంచి 6,000. 200 ఉంటే 5,200 నుంచి 5,400. మన దగ్గర 205 కొట్టేవాళ్లు 6,500 పైన ఉన్న టీలకు వెళ్లడం మామూలైపోయింది. 400 గజాల పార్ 4లో వాళ్లకు రెండో షాట్ 195 మిగులుతుంది. హోల్ తర్వాత హోల్ చేతిలో ఫెయిర్‌వే వుడ్డే (ఎక్కువ దూరానికి వాడే క్లబ్) ఉంటుంది. ఐరన్‌తో (తక్కువ దూరానికి వాడే క్లబ్) గ్రీన్ మీదికి కొట్టే ఆనందం రౌండ్ మొత్తంలో నాలుగుసార్లు కూడా దక్కదు. వెనక ఫోర్‌బాల్ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటుంది, ముందువాళ్లకు టెన్షన్.

ముందు టీలకు రాకపోవడానికి పెద్ద కారణం వాటిని "లేడీస్ టీ" అని పిలవడం. ఈ అలవాటు ఇద్దరికీ అన్యాయం చేస్తోంది. 175 గజాలు కొట్టే 68 ఏళ్ల పెద్దాయన మోకాలి నొప్పితో కూడా వెనక టీలకే నడుస్తారు, ముందుకొస్తే ఎవరేమనుకుంటారోనని. ఇంకోవైపు, 200 దాటించే అమ్మాయిని వచ్చిన మొదటి రోజే ఎర్ర మార్కర్ల దగ్గరికి పంపిస్తారు, ఎంత కొడతావని కూడా అడగకుండా. టీ అనేది డ్రైవ్ పొడవును బట్టి ఎంచుకోవాల్సింది. వయసుకూ, ఆడా మగా తేడాకూ దాంతో పనిలేదు. రంగుల పేర్లతోనో, మొత్తం గజాల అంకెతోనో పిలిచే అలవాటు క్లబ్బులు చేస్తే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

ఐరన్ల దగ్గర కూడా (వాటి మీద అంకె తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది) ఇదే తప్పు వేరే రూపంలో వస్తుంది. ఒక రోజు గాలి వెనకనుంచి వీస్తుండగా 7 ఐరన్ 160 పోయింది కాబట్టి, ఆ రోజు నుంచి "నా సెవెన్ వన్ సిక్స్టీ". ఈ సంగతి మనకంటే బాగా తెలిసింది మన బ్యాగు మోసే క్యాడీలకు. 150 దగ్గర నిలబడి 8 కోసం చెయ్యి చాచిన సార్‌కి, బ్యాగులోంచి 6 సగం పైకి తీసి పట్టుకుని, "సార్, ముంగట బంకర్ ఉన్నది. సిక్స్ తీస్కోండ్రి, మెల్లగ కొట్టండ్రి" అంటాడు క్యాడీ. సార్ మొహం చూసి 7 దగ్గర రాజీ పడతాడు. బంతి గ్రీన్‌కు ముందు బంకర్‌లో పడుతుంది. ఆ క్యాడీ రోజూ పదుల కొద్దీ షాట్లు ఎక్కడ పడ్డాయో నడిచి వెళ్లి చూస్తాడు. అతని దగ్గర మంచివీ చెడ్డవీ అన్నీ కలిసిన లెక్క ఉంటుంది, మన దగ్గర మంచివాటి లెక్కే ఉంటుంది. అమెచ్యూర్ల అప్రోచ్ షాట్లు (గ్రీన్ మీదికి కొట్టేవి) ఎక్కువగా గ్రీన్ ముందే ఆగిపోవడానికి కారణం ఇదే. క్యాడీ బయటికి తీసిన క్లబ్‌ను నమ్మి, ఆ రౌండ్ అంతా అలాగే ఆడి చూడమని ఎవరికైనా చెబుతాను.

మీ అంకె మీరే తెలుసుకోవాలంటే

టూర్‌లో ఎలా కొలుస్తారో చూస్తే దారి దొరుకుతుంది. ప్రతి రౌండ్‌లో రెండు హోల్స్ ఎంచుకుంటారు, అవి వీలైనంతవరకు ఎదురెదురు దిక్కులకు ఉంటాయి, గాలి ప్రభావం ఒకదానికొకటి పోయేలా. బంతి ఫెయిర్‌వేలో పడ్డా, రఫ్‌లో (పక్కనున్న ఎత్తు గడ్డిలో) పడ్డా లెక్కే. మనమూ అదే చేయొచ్చు. మీ కోర్సులో సమతలంగా ఉన్న రెండు హోల్స్, ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు అనుకోండి, తీసుకుని ఒక సీజన్‌లో ఆడిన ప్రతిసారీ అక్కడ డ్రైవర్‌తో కొట్టిన దూరం ఫోన్‌లో రాసుకోండి. టీ దగ్గర జీపీఎస్ నొక్కి, బంతి దగ్గర మళ్లీ నొక్కండి. కార్డు చూడొద్దు, మార్కర్ చూడొద్దు. నెత్తిన తగిలిన బంతినీ, చెట్లలోకి పోయినదాన్నీ తప్పకుండా రాయాలి. 20 డ్రైవ్‌లు పోగయ్యాక వరసగా పేర్చి మధ్యలో ఉన్నది చూడండి. అది మీ డ్రైవ్. వర్షాకాలంలో బంతి పడిన చోట నేలలో గుంట కనిపిస్తుంది, అక్కడి దాకా కొలిస్తే క్యారీ కూడా తెలిసిపోతుంది.

ఆ అంకె 205 అని తేలిందనుకోండి. మీ కోర్సులో అందరూ కష్టమనే 400 గజాల పార్ 4కి వెళ్లండి. 205 పోగా 195 మిగిలింది. ఇన్నాళ్లూ ఫెయిర్‌వే వుడ్‌తో గ్రీన్ మీదికి బలంగా కొట్టి, కుడి పక్క చెట్లలో వెతుక్కున్న చోటు ఇదే. మీ హ్యాండీక్యాప్ 18 అయితే ఈ హోల్‌లో మీకు ఒక స్ట్రోక్ (అదనపు దెబ్బ) ఇస్తారు. ఇక్కడ మీ పార్ 5. ఒక 6 ఐరన్‌తో 150 గజాలు ఫెయిర్‌వేలో పెడితే 45 గజాల చిన్న పిచ్ షాట్ మిగులుతుంది. అక్కడి నుంచి గ్రీన్ మీదికి ఒకటి, గుంటలోకి దొర్లించే పట్‌లు రెండు.